శిస్తుతో పాటు బడి పన్ను

మా ఊరి ప్రాథమిక పాఠశాల రేపో మాపో మూతపడుతుందన్న మాట నేను మొదట విన్నది బడిలో కాదు, మా తోటలో, కోత రోజున. జూన్ నెల. కలెక్టరు కాయ కోస్తున్నారు. (నూజివీడు వాళ్ళకి చెప్పనక్కరలేదు గానీ బయటి పాఠకుల కోసం ఒక మాట. మా వైపు కలెక్టరంటే జిల్లా అధికారి ఒక్కడే కాదు, తోతాపురి మామిడి కూడాను.) చిక్కంలోంచి కాయలు గంపలో సర్దుతూ కూలికి వచ్చిన ఒకావిడ మా నాన్నతో అంది: "బడి తీసేత్తారంట గదా బాబూ. తీసేత్తే మా పిల్ల ఇంక మాతోపాటు కోతకే వత్తాదండి."

"తీసెయ్యరులేమ్మా, గవర్నమెంటు చూసుకుంటుంది" అన్నాడు నాన్న. అనేసి, ట్రాక్టరు వస్తోందేమో చూడటానికి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

నేను అ, ఆలు దిద్దుకున్న బడి అది. నేను ఒకటో తరగతిలో చేరిన ఏడు అరవై మందికి పైగా వుండేవాళ్ళం. ఇప్పుడు పద్నాలుగు మంది. ఒక్కరే టీచరు. ఆవిడకి జ్వరం వస్తే బడికి జ్వరం వచ్చినట్టే. మిగతా పిల్లలంతా ఏమయ్యారంటారా? పొద్దున ఏడున్నరకి మా చింతచెట్టు దగ్గర ఆగే పసుపుపచ్చ బస్సులను అడగండి.

ఆ రోజు నాన్న అన్న "గవర్నమెంటు" అనే మాట నా చెవిలో వుండిపోయింది. బడి అనేది గవర్నమెంటు వాళ్ళ వస్తువని మనమంతా అనుకుంటాం. పైనుంచి ఎవరో ఇచ్చారు, పైనుంచి ఎవరో తీసేస్తారు, మధ్యలో మనకేం పని? నేనూ అట్లాగే అనుకునేదాన్ని. అయితే కిందటి ఏడాది మన కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టి, "వలస కాలపు అమెరికాలో ప్రభుత్వ పాఠశాలల పుట్టుక" అని విషయం ఇచ్చారు. "బాటనీ పిల్లకి అమెరికా బడుల గొడవ దేనికే?" అని స్నేహితురాళ్ళు నవ్వారు. బహుమతి రాలేదు కనుక వాళ్ళ నవ్వు న్యాయమైనదే. కానీ ఆ వ్యాసం కోసం చదివినది నన్ను బోస్టన్ దగ్గర మొదలుపెట్టి నరసాపురం దాకా తీసుకొచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఈ రాత.

బోస్టన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1635లో ఆ పట్టణం వాళ్ళు ఒక లాటిన్ బడి పెట్టుకున్నారు. ఆ దేశంలో మొట్టమొదటి ప్రభుత్వ పాఠశాలగా దానినే చెబుతారు. దాన్ని గ్రామర్ స్కూలు అన్నారు గానీ గ్రామరంటే మన ఇంగ్లీషు లెక్చరరుగారు చెప్పేది కాదు, లాటిన్ వ్యాకరణం. మరుసటి ఏడు, 1636లో, హార్వర్డు పుట్టింది. దానిలోకి పిల్లల్ని తయారు చెయ్యడం ఆ బడుల పని. 1639లో పక్కనున్న డార్చెస్టరు ఊరివాళ్ళు తమ ఎదుటి దీవిలో భూములున్న ఆసాముల మీద బడి కోసం పన్ను వేసుకున్నారు. 1647లో మసాచుసెట్స్ సభ చట్టమే చేసింది. యాభై ఇళ్ళున్న ఊరు చదవడం రాయడం నేర్పే పంతుల్ని పెట్టుకోవాలి. వంద ఇళ్ళుంటే గ్రామర్ బడి పెట్టాలి. పెట్టకపోతే ఏడాదికి అయిదు పౌన్ల జరిమానా. పంతులు జీతం పిల్లల తల్లిదండ్రులైనా ఇవ్వొచ్చు, ఊరంతా కలిసైనా ఇవ్వొచ్చు. మనుషులకు చదువు రాకుండా చేసి సైతాను మోసగిస్తాడని ఆ చట్టం మొదట్లోనే రాసుకున్నారు. సైతాను మాట ఎలా వున్నా, పంతుల్ని పెట్టడం కంటే జరిమానా కట్టడమే చవకని లెక్క వేసుకున్న ఊళ్ళు కూడా వున్నాయి. ఆ మాట చదివినప్పుడు మాత్రం నాకు అమెరికా చాలా దగ్గరగా అనిపించింది.

సరే, మన దగ్గరో?

మన దగ్గర వీధిబడులుండేవి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు (ఇక్కడ మామిడి కాదు, మనుషులే). 1826 నాటికి అన్నీ కూడితే రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. జనాభా సుమారు ఒక కోటీ ఇరవై ఎనిమిది లక్షలు. అంటే వెయ్యి మందికి ఒక బడి! బ్రిటిషు వాళ్ళు వచ్చాకే మనకి చదువొచ్చిందని అనేవాళ్ళు ఈ అంకె చూడాలి. అయితే ఆ అంకె చూసి మురిసిపోయే వాళ్ళు బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక కూడా చూడాలి. ఈయన తెలుగు వ్యాకరణం రాసినాయన, మన భాష తెలిసినాయన. ఆయన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు అరవై మంది.

అరవై! వందమంది మగపిల్లలు కూర్చుంటే పక్కన ఒక్క పిల్ల. ఆ ఒక్క పిల్ల ఎవరై వుంటుందా అని నేను చాలాసేపు ఆలోచించాను.

బడి ఎట్లా నడిచేదో ఆయన కళ్ళకు కట్టినట్టు రాశాడు. పొద్దున అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చేకొద్దీ పెరిగేవి. ఇసకలో వేలితో దిద్దడం, తరవాత తాటాకు మీద గంటం. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు, దాన్ని చూసి ఇంగ్లండు నేర్చుకున్నదనీ ఒప్పుకున్నాడు. కానీ చెప్పేదేమిటి? గ్రాంథిక పద్యాలు. పిల్లవాడు ఒక్క ముక్క అర్థం కాకుండా పుస్తకమంతా అప్పజెబుతాడని ఆయన ఫిర్యాదు. లాటిన్ వ్యాకరణం బట్టీ పట్టిన బోస్టన్ పిల్లలూ, పద్యాలు బట్టీ పట్టిన మన పిల్లలూ ఒక బల్ల మీద కూర్చోదగ్గవాళ్ళే అనుకుంటాను. (బట్టీ విషయంలో మన బి.ఎస్సీ. వాళ్ళం కూడా కాస్త జరిగి చోటివ్వొచ్చు.)

అంతకంటే పెద్ద మాట ఒకటి అదే నివేదికలో వుంది. ఒకప్పుడు బడులున్న ఊళ్ళలో ఇప్పుడు లేవు, కారణం పేదరికం అన్నాడాయన. ఇంగ్లండు గుడ్డ వచ్చి మన మగ్గాలు పడిపోయాయి, దేశపు డబ్బు దేశంలో ఖర్చు కాకుండా బయటికి పోతోంది, తిండికే లేనివాడు పంతులికి జీతమేమిస్తాడు అని కంపెనీ కలెక్టరే కంపెనీకి రాశాడు.

మన్రో దానికి విరుగుడుగా తాలూకాకొక తహసీల్దారీ బడి, కలెక్టరేటుకు రెండు పెద్ద బడులు పెట్టాలని తలపెట్టాడు. పంతులికి తాలూకాలో నెలకు 9 రూపాయలు, పెద్ద బడిలో 15. మరుసటి ఏడే, 1827లో, ఆయన పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. ఆ బడులు ఈసురోమంటూ నడిచి 1836లో ఎత్తివేతకు వచ్చాయి. పైనుంచి వచ్చినవి పైకే పోయాయి. ఊరివాడు ఒక్క కాణీ పెట్టలేదు, ఎత్తేసినప్పుడు ఒక్క కన్నీటిచుక్కా రాల్చి వుండడు.

ఇప్పుడు గోదావరికి రండి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, పంట వచ్చింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే రాజమండ్రిలో జి. ఎన్. టేలర్ అనే సబ్ కలెక్టరుండేవాడు. ఆయన నరసాపురంలోనూ, చుట్టుపక్కల పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లోనూ బడులు పెట్టించాడు. అవి చూసి పల్లెల రైతులు మాకూ కావాలన్నారు. ఖర్చుకి ఒక ఏర్పాటు జరిగింది. భూమి శిస్తుతో పాటు బడికోసం కొంత సొమ్ము వాళ్ళే కడతారు, దానితో ఊరి బడి నడుస్తుంది. ఇంగ్లీషులో వీటిని రేట్ స్కూళ్ళన్నారు. 1854లో ఛార్లెస్ వుడ్ లండన్ నుంచి తన విద్యా తాఖీదు పంపే నాటికి మన డెల్టా పల్లెలు ఈ దారి పట్టేశాయి.

రైతులు తమంతట తామే అడిగారని ఆనాటి విద్యాశాఖ కాగితాలు రాస్తాయి. సబ్ కలెక్టరు దొర ఎదుట నిలబడి అడిగినది ఎంత స్వచ్ఛందమో నాకు కొంచెం అనుమానమే. జమాబందీలో పట్టాదారు "చిత్తం" అన్నంత మాత్రాన మనసులో కూడా చిత్తమే అని చెప్పలేం. అయినా ఒకటి నిజం. ఆ సొమ్ముకి చట్టం బలం లేదని తరవాత తేలింది. అందుకని 1863లో మద్రాసు ప్రభుత్వం విద్యా చట్టమని ఒకటి ప్రత్యేకంగా చేసి ఈ పన్నుకి చట్టబద్ధత ఇచ్చింది. అంటే మొదట బడి, తరవాత చట్టం! మసాచుసెట్స్‌లోనూ అంతే వరస. ఊళ్ళు ముందు, సభ వెనక. గోదావరిలో తప్ప మిగతా జిల్లాల్లో ఆ చట్టాన్ని పెద్దగా వాడుకోలేదు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చి బడులు బోర్డుల చేతికి వెళ్ళాయి. ఆ తరవాత జిల్లా బోర్డు, పంచాయతీ సమితి, మండల పరిషత్తు. బోర్డు మీద అక్షరాలు మారుతూ వచ్చాయి. నరసాపురంలో టేలర్ పేరుతో హైస్కూలు ఇప్పటికీ వుంది. పన్ను కట్టిన రైతుల పేర్లతో మాత్రం ఎక్కడా ఏమీ లేదు.

ఇంతవరకూ చదివి "ఆహా మన రైతులు!" అని చప్పట్లు కొట్టేవాళ్ళుంటే ఒక్క నిమిషం ఆగమంటాను. నేనూ రైతు పిల్లనే కనుక ఈ మాట నేనే అనాలి. ఆ శిస్తు ఎక్కడి నుంచి వచ్చింది? పొలం నుంచి. పొలంలో దిగినదెవరు? నాట్లు వేసినదెవరు? శిస్తు పట్టాదారు పేరున జమ అయింది గానీ ఆ ధాన్యం పండించిన చేతులు వేరేవి. ఆ చేతుల పిల్లలు బడి గుమ్మం ఎక్కారా? మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు బడిలో చోటు కోసం ఇంకా ఎన్నో దశాబ్దాలు పోట్లాడవలసి వచ్చింది. బందరులో రాబర్టు నోబుల్ 1843లో బడి పెట్టినప్పుడు, మతం ప్రచారం చెయ్యడానికి వచ్చిన దొర కూడా పై కులాల వాళ్ళు పారిపోతారని తక్కువ కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినది 1874లో. కాలవ నీళ్ళొచ్చిన ఇరవై ఏళ్ళకు గానీ, ఆ కాలవ పుట్టిన ఊళ్ళో ఆడపిల్లకి పలక రాలేదు.

మా మెట్ట ప్రాంతం కథ మళ్ళీ వేరు. మాకు గోదావరీ లేదు, కృష్ణా లేదు. ఎర్రనేల, బోరుబావి, మామిడి చెట్టు. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చేవరకూ ఇది మేకా వారి సంస్థానం. ఇక్కడ బడీ కాలేజీ జమీందార్ల పేరున వెలిశాయి. నూజివీడులో ధర్మ అప్పారావు కళాశాల వుంది. అంతెందుకు, బెజవాడలో 1937లో పెట్టిన ఎస్. ఆర్. ఆర్. అండ్ సి. వి. ఆర్. కాలేజీ పేరులో మొదటి మూడక్షరాలు మా రంగయ్యప్పారావుగారివే. ఇచ్చిన మాట నిజం, దాన్ని కాదనను. కానీ దాతలున్న చోట జనానికి ఒక అలవాటు పడుతుంది. చదువు అనేది దొరగారు ఇచ్చేదని. దొరగారు పోయాక ఆ కుర్చీలో గవర్నమెంటుని కూర్చోబెట్టాం. "గవర్నమెంటు చూసుకుంటుంది" అని మా నాన్న అన్నప్పుడు ఆ గొంతులో మా ముత్తాత గొంతు వినపడింది నాకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1850లలో పన్ను కట్టినవాడి పిల్లవాడు బడిలో కూర్చున్నాడు, కూలివాడి పిల్లవాడు బయట వున్నాడు. ఈ రోజు మా ఊళ్ళో సరిగ్గా తిరగబడింది. ఆ పద్నాలుగు మందీ కూలివాళ్ళ పిల్లలే, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు. తోటలున్న వాళ్ళ పిల్లలు పసుపు బస్సెక్కారు. ఒక్కొక్కరికి ఏడాదికి నలభై వేల పైచిలుకు. బాగా కాపొచ్చిన ఏడు తోటలోంచి, రాని ఏడు అప్పులోంచి. మా తమ్ముడూ ఆ బస్సులోనే వెళ్ళాడు కనుక ఇది ఎవరినో అంటున్న మాట కాదు. వెళ్ళినవాళ్ళు పిల్లల్ని మాత్రమే తీసుకుపోలేదు. బడి గురించి అడిగే నోరుని కూడా తీసుకుపోయారు. చూరు కారితే మండలాఫీసుకి ఫోను చేసేవాడు, టీచరు పోస్టు ఖాళీ అయితే ఎమ్మెల్యే దగ్గరికి నలుగుర్ని వేసుకుని వెళ్ళేవాడు ఇప్పుడు ఆ బడివైపు కూడా చూడడు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి యాజమాన్య కమిటీ వుంది. మూడొంతుల సభ్యులు పిల్లల తల్లిదండ్రులే కావాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. చాలా మంచి చట్టం. కానీ మా ఊళ్ళో కమిటీ అంటే పొద్దున్నే కోతకి వెళ్ళి సాయంత్రం వచ్చేవాళ్ళు. ఒకపూట కూలి వదులుకుని మీటింగుకి వస్తే సంతకం పెట్టించుకుని పంపిస్తారు.

ఇదంతా ఇంట్లో అంటే నాన్నకి కోపం వచ్చింది. "మనం పన్నులు కట్టట్లేదా? బడికి కూడా మళ్ళీ మనమే కట్టాలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మన కుర్రాళ్ళలో కూడా చాలామంది ఇదే అంటారు. ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పుకోడానికి మీరే దారి చూపిస్తున్నారని ఒక మిత్రుడు నాతో వాదనకి దిగాడు. కానీ లెక్క చూడండి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు, ఎంతమంది లైబ్రరీ ఏదని అడిగారు? 2004లో ఢిల్లీ వాళ్ళు పన్నుల మీద రెండు శాతం విద్యా సెస్సు వేశారు. 2018 నుంచి ఆరోగ్యంతో కలిపి నాలుగు శాతం అయింది. అది ఆదాయపు పన్ను మీద పడేది. వ్యవసాయం మీద ఆదాయపు పన్ను లేదు గనక ఆ సెస్సు మా నాన్నని తాకదు. ఈ మాట అంటే నాన్న పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అయినా నేను వాదించేది డబ్బు గురించి కాదు. టీచర్ని ఇవ్వాల్సింది ప్రభుత్వమే, గోడ కట్టాల్సిందీ ప్రభుత్వమే. దానిలో దమ్మిడీ తగ్గించమని నేననను. కానీ తన రూపాయి వున్న చోటే మనిషి కన్ను వుంటుంది. గోదావరి రైతు శిస్తుతో పాటు బడి పన్ను కట్టాడు కనుక పంతులు వచ్చాడా లేదా అని తొంగి చూసి వుంటాడు. మా ఊళ్ళో ఆ కన్ను పోయింది. దాన్ని మళ్ళీ తెప్పించాలంటే ఏం చెయ్యాలి?

నా ప్రతిపాదన చిన్నది. మా ఊరి నుంచి సీజనుకి సుమారు వెయ్యి టన్నుల కాయ లారీకెక్కుతుంది. అమ్మకం చీటీలో కమీషను పోగా టన్నుకి యాభై కిలోలు తరుగని కొట్టేస్తారు. టన్ను పదివేలుంటే అది అయిదు వందలు. దానికి ఎవరం నోరెత్తం. ఎప్పటినుంచో వున్న మామూలంటాం. మా తాతయ్య రోజుల్లో బండికి ఇంతని గుడికి ధర్మం తీసేవారట, దానికీ ఎవరూ నోరెత్తలేదు. అటువంటి చీటీలోనే బడి పేరున టన్నుకి యాభై రూపాయలు తీద్దాం. తరుగులో పదోవంతు. వెయ్యి టన్నులకి యాభై వేలు, అంటే పసుపు బస్సులో వెళ్ళే ఒక పిల్లవాడి ఫీజు! టీచరమ్మ సెలవు పెట్టిన రోజున చదువు చెప్పడానికి డిగ్రీ చదివిన ఊరి పిల్ల ఒకతెకి గౌరవ వేతనం, కోతల కాలంలో పిల్లలు బడి మానకుండా మధ్యాహ్నం తరవాత కూడా వుండే ఏర్పాటు. వీటికి సరిపోతుంది.

ఒక్క షరతు. కట్టేది మేము, ఖర్చు తీర్మానించేది కమిటీలో వున్న ఆ తల్లులు. రైతు డబ్బు కట్టాడు కనుక రైతే పెత్తనం చేస్తాడంటే, నరసాపురంలో జరిగినదే మళ్ళీ జరుగుతుంది. ఈ షరతు చెప్పగానే మా ఊళ్ళో అప్పటిదాకా తలూపిన ఇద్దరు పెద్దమనుషులు లేచి పని వుందని వెళ్ళారు. మా పెదనాన్న మాత్రం నవ్వి, "కోతకొచ్చే ఆవిడ దగ్గర నేను లెక్క అడగాలా అమ్మాయ్?" అన్నాడు. "మీరు అడగండి పెదనాన్నా, ఆవిడా మిమ్మల్ని అడుగుతుంది. పెద్దరసాలు ఎన్ని టన్నులు వెళ్ళాయి, చీటీలో ఎన్ని రాశారు అని" అన్నాను. అప్పుడు నవ్వడం మానేశాడు.

మా నాన్న ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఈ ఏడు పూత బాగానే వచ్చింది, తేనెమంచు పురుగు కూడా తక్కువే. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు తోటలో మందు కొట్టిస్తూ, వున్నట్టుండి అడిగాడు:

"ఆ చిట్టా ఎవరు రాస్తారే?"

"కమిటీలో ఒకావిడకి సంతకం మాత్రమే వచ్చు. ఇంకొకావిడ ఏడో తరగతి దాకా చదివింది. ఆవిడ రాస్తుంది. నేను ఆదివారాలొచ్చి కూడిక సరిచూస్తాను" అన్నాను.

"యాభై ఎక్కువ. ఇరవై అయిదని రాయించు" అని, మందు డ్రమ్ము దగ్గరికి నడిచాడు.